నేను నేర్చుకొచ్చిన రోత

నా ఒంటి మీద గొర్రె వాసన వస్తుందని పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. సేలంలో ఇంటర్మీడియెట్‌లో చేరిన మూడో వారంలో, నాతో ఒకే గదిలో ఉండే విద్యార్థి ఆ సంగతి చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు. తంజావూరు వైపు నుంచి వచ్చాడు, మాంసం ముట్టని ఇంటివాడు. నా కంబళి జారి అతని చాప మీద పడితే, రెండు వేళ్లతో అంచు పట్టుకుని పక్కకు జరిపాడు. "తప్పుగా అనుకోవద్దు. దీన్ని ఎండలో వేస్తే ఈ వాసన పోతుందేమో" అన్నాడు తమిళంలో.

"ఏం వాసన?"

"గొర్రె" అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూనే.

ఆ కంబళి మా మంద బొచ్చుతో నేయించింది. నాయన కత్తిరించాడు, అత్త వడికింది. పుట్టినప్పటి నుంచి అలాంటి కంబళి కిందే పడుకున్నాను. అతను బయటికి వెళ్లాక దాన్ని ముక్కుకు ఆనించుకుని చూశాను. ఏమీ తెలియలేదు. మళ్లీ చూశాను. మూడోసారికి తెలిసింది. తడిసిన బొచ్చు, పెంట, విరిగిన పాలు, అన్నీ కలిసిన జిడ్డు వాసన. కంబళిని చుట్టి మూలకు విసిరాను. ఆ తరవాత చొక్కాలో, జుట్టులో, అరచేతుల్లో, ఎక్కడ చూసినా అదే. రోజుకు రెండుసార్లు బావి దగ్గర సున్నిపిండితో తోముకుని స్నానం చేసేవాణ్ణి. చర్మం మండేది కాని వాసన పోయినట్టు నమ్మకం కలిగేది కాదు.

మా పల్లె ధర్మపురికీ నల్లంపల్లికీ మధ్య, రోడ్డుకు ఎడంగా ఉంటుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. గొర్రెలు, నాలుగు ఆవులు, కొంచెం మెట్టచేను మా ఆస్తి. మా వాళ్లలో కాలేజీకి వెళ్లిన మొదటివాణ్ణి నేను. అందుచేత నేను ఏం చెప్పినా ఇంట్లో వినేవాళ్లు. ఆ వినడమే ఈ కథకు మూలం.

అవి యుద్ధం రోజులు. హాస్టల్లో రేషను బియ్యం వండేవారు. ఏ ఓడ అడుగునో నెలల తరబడి మగ్గినట్టు ముక్కిన కంపు కొట్టే బియ్యం. వార్చేటప్పుడు తెల్లపురుగులు గంజి మీద తేలేవి. వంటవాడు గరిటెతో ఒకసారి తీసి విసిరేసి, మిగతావి మా అదృష్టానికి వదిలేసేవాడు. మేము విస్తరి అంచున పురుగుల్ని వరసగా పెట్టుకుంటూ తినేవాళ్లం. ఆదివారం మాంసం తినేవాళ్లకు వేరే బంతి. ఒక ఆదివారం నా ముక్కకు తోలు అంటుకుని ఉంది, తోలుకు బొచ్చు అంటుకుని ఉంది. ముతకగా, తెల్లగా, చివర నల్లగా. నా కంబళిలోని పోగులాంటిదే. నోట్లో పెట్టుకున్న ముద్దను చేతిలోకి ఉమ్మి లేచి వెళ్లిపోయాను. మాంసం మళ్లీ ముట్టలేదు.

ఆ నెలలోనే విరేచనాలు పట్టుకున్నాయి. ప్రకృతి శాస్త్రం చెప్పే లెక్చరర్ నా వాలకం చూసి దగ్గరికి పిలిచాడు. సన్నగా, నిటారుగా ఉండే మనిషి, ఎంత దూరమైనా నడిచే వెళ్లేవాడు. "మొక్క నుంచి వచ్చింది తిను. మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి వదిలెయ్. పొట్టు తీయని ధాన్యం, ఆకుకూర, మొలకెత్తిన గింజ, పండు. ఆరు నెలలు చేసి చూడు" అని ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాడు. ఆయన చెప్పింది ఆరోగ్యం కోసం. నాకు వినిపించింది వేరు. పశువు నుంచి వచ్చేదేదీ లోపలికి పోకపోతే, పశువు వాసన కూడా బయటికి రాదు అనుకున్నాను.

మొదటి రోజులు భయంకరంగా గడిచాయి. ఉలవలు తడిగుడ్డలో కట్టి కిటికీకి వేలాడదీసేవాణ్ణి. సేలం ఎండకు రెండోనాటికి గుడ్డ జిగురుపట్టి పులిసిన కుడితి వాసన వేసేది. మొలకలు చీమిడిలా వేళ్లకు అంటుకునేవి. ముక్కు మూసుకుని నమిలేవాణ్ణి. పచ్చి ముల్లంగి తింటే రోజంతా తేన్పులు. పొట్టు తీయని గోధుమల గంజిలో గోనెనార తగిలేది. అయినా మానలేదు. పోను పోను పద్ధతి తెలిసింది. ఉలవల్ని రోజుకు మూడుసార్లు కడగాలి, పొద్దున్నే తినేయాలి. ఇంటి నుంచి రాగిపిండి తెప్పించుకుని అంబలి కాచుకున్నాను. నానబెట్టిన వేరుశనగలు, బెల్లం, దొరికితే జామకాయ. రెండు నెలలకు కడుపు కుదుటపడింది. మధ్యాహ్నం క్లాసులో నిద్ర రావడం మానేసింది. మొహం తేటపడింది. ఇది న్యాయంగా చెప్పాలి. ఆ తిండి నాకు మేలే చేసింది. ఈ రోజుకీ నేను తినేది అదే.

చెడ్డది తిండి కాదు, దానితో పాటు నేను పెంచుకున్నది. ఎవరు పెరుగన్నం కలుపుకుంటున్నా పక్కకు తిరిగేవాణ్ణి. వీధిలో నెయ్యి కాస్తే ముక్కుకు గుడ్డ పెట్టుకునేవాణ్ణి. గదిలో ఉండే అతను ఇప్పుడు నన్ను మెచ్చుకునేవాడు, నాకు మాత్రం అతని మజ్జిగ చెంబు కూడా కంపుకొట్టేది.

వేసవి సెలవులకు ఇంటికి బయల్దేరాను. అప్పటి బస్సులు పెట్రోలు లేక బొగ్గు గ్యాసు మీద నడిచేవి. తొప్పూరు కనుమ దగ్గర అందరం దిగి తోశాం. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో అడుగు పెట్టకముందే ఆ వాసన ఎదురొచ్చింది. పెంట, మూత్రం, గొర్రెపిల్లల నోటి పాలు, దానిమీద మసాలా వేసి ఉడుకుతున్న మాంసం. నా కోసం అమ్మ పొట్టేలును కోయించింది.

"ఏం నాయనా, ఇట్ల చిక్కిపోయినావే! రా, కాళ్లు కడుక్కో. సంగటి ఆరిపోతాది" అంది.

తట్ట అంటే మాకు కంచం. అందులో రాగిసంగటి, దాని నడిమధ్య గుంటలో కూర. నూనె తేలుతోంది. ఒక ఎముక లోంచి మూలుగ సగం బయటికి వచ్చి వణుకుతోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. నోట్లో నీళ్లూరాయి, అవి ఆకలి నీళ్లు కావు. లేచి గోడ పక్కకు పరుగెత్తి కక్కుకున్నాను.

నాయన వెనకే వచ్చాడు. "ఏమ్రా, ఒళ్లు బాగలేదా?"

"మాంసం మానేసినాను నాయనా."

"ఏ సామికి మొక్కుకున్న్యావు?"

"మొక్కు కాదు. ఒంటికి మంచిదని."

"మానితే మాన్లే. దానికి కక్కేది ఏమిటికి?" అని లోపలికి పోయి తన తట్ట ముందు కూర్చున్నాడు.

సాయంత్రం పాలు పిండి, కాచి, అమ్మ చెంబు పట్టుకొచ్చింది. పైన మీగడ కట్టింది. "కూర వద్దంటివి, సరే. పాలైనా తాగు. ఇన్ని నెల్లుగా మంచిపాలు దొరికుండవు నీకు."

"వద్దమ్మా."

"ఒక గుక్క."

"వద్దంటే వినవేం? అది పాలు కాదు, చీము. ఎర్రావు పొదుగుకి వాపొచ్చినప్పుడు నువ్వు పిండి పారబోసినావు చూడు, గడ్డలు గడ్డలుగా. పాలన్నీ అదే. ఎక్కువా తక్కువా, అంతే. మీరు తాగేది పశువు పుండు."

అమ్మ చెంబులోకి చూసింది. కోపం రాలేదు ఆమెకు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడనిది. "అట్లనా?" అంది నెమ్మదిగా. "నీ పుస్తకంలో రాసినారా?"

ఆ పుస్తకంలో అలాంటి మాట లేదు. పాలు దూడ కోసం పుట్టినవని రాసి ఉంది, అంతే. చీము అన్నది నా నోటికి వచ్చిన మాట.

"రాసినారు" అన్నాను.

మర్నాటి నుంచి నా తిండి సంగతి మా అత్త తీసుకుంది. ఆమె నాయనకు అక్క. చిన్నప్పుడే భర్త పోతే మా ఇంటికే వచ్చేసింది. తెల్లవారగానే చేలగట్ల వెంట వెళ్లి ఒడినిండా ఆకు కోసుకొచ్చేది. గురుగాకు, చెంచలాకు, పొన్నగంటి, మునగాకు, ఇంకా నాకు పేరు తెలియనివి. అన్నీ కలిపి ఉడకేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, చింతపండు వేసి కవ్వంతో మెదిపేది. ఉలవలు ఉడికించిన కట్టుతో చారు. అలసందలు, వేరుశనగ చట్నీ, సామల అన్నం. హాస్టల్లో నేను ముక్కు మూసుకుని మింగినదంతా ఇక్కడ నోరూరించే తిండి. ఆ లెక్చరర్ పుస్తకంలోని తిండి మా అత్త ఎన్నో ఏళ్లుగా తింటోందని అప్పుడు గమనించాను. ఆమె మాంసం ముట్టగా నేనెప్పుడూ చూడలేదు. వితంతువు కాబట్టి అనుకునేవాణ్ణి. మాలో ఆ నియమం లేదని కూడా ఆలోచించలేదు.

ఒకరోజు అడిగాను. "నువ్వు మాంసం ఎందుకు తినవత్తా?"

ఆమె గురుగాకు గిల్లుతూ చెప్పింది. "నేను ఇంతంత ఉన్నప్పుడు కరువొచ్చింది. పసరాలు గడ్డిలేక పడిపోయినాయి. చచ్చి రెండు నాళ్లైనదాన్ని కోసుకొచ్చి ఉడకేసినారు. తిన్న్యాను. అబద్ధమేల, రుచిగానే ఉన్నింది. మర్నాడు మిగిలినదాన్ని చూస్తి. కుండలో లుకలుకమని పురుగులు. అందులోదే కదా తిన్న్యానని తెలిసింది. ఆ పొద్దు నుంచి నోట పెట్టలేదు."

"మరి ఇంట్లో అందరికీ నువ్వేగా వండేది? నీకు రోత కాదా?"

"రొంబ రోత. ఉప్పు కూడా వాసన పట్టే చూస్తా, నాలిక్కి తగలనియ్యను."

"అయితే చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పేది? తినేవాళ్ల ముందర పురుగుల కత చెప్తే వాళ్లు తినేదెట్ల? నా రోత నా కాడ ఉండల్ల. ఇంకొకరి తట్టలో ఏమిటికి పారేసేది?"

ఆమె నా మొహం వైపు చూడలేదు. చూడకపోవడం వల్లే నాకు అనుమానం రాలేదు. అదేదో తన కథ చెప్పుకుంటోంది అనుకున్నాను.

ఆ వారంలో ఒక గొర్రెకు ముళ్లకంప గీసుకుని తొడ మీద పుండు పడింది. ఈగలు వాలి పురుగు పట్టింది. నాయన పిలిచాడు. "కాళ్లు పట్టుకో రా. నేను పురుగు తీస్తా."

చిన్నప్పుడు ఎన్నిసార్లు పట్టుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు చేతులు ముందుకు రాలేదు, బలవంతాన పట్టుకున్నాను. నాయన సీతాఫలం ఆకు నూరిన పసరు పుండులో పిండాడు. లోపలి నుంచి తెల్లటి పురుగులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పైకి వచ్చాయి. ఆయన వాటిని పుల్లతో తోడి నేలమీద వేస్తున్నాడు. చీము, నెత్తురు, ఆకు పసరు కలిసి నా మోచేతి మీదుగా కారాయి. నేను కళ్లు మూసుకుని మొహం తిప్పుకున్నాను, పట్టు సడలింది. గొర్రె తన్నుకుని లేచింది. సగం తీసిన పుండుతో కంపలోకి పరుగెత్తింది.

నాయన తిట్టలేదు. చేతులు మట్టితో రుద్దుకుంటూ, "నువ్వు పోయి చదువుకో పో" అన్నాడు. మళ్లీ ఆ సెలవుల్లో దేనికీ నన్ను పిలవలేదు. అమ్మ వచ్చి ఆ గొర్రెను పట్టి తెచ్చింది. అమ్మే కాళ్లు పట్టుకుంది. నేను బావి దగ్గర మోచెయ్యి తోముకుంటూ నిలబడ్డాను.

సెలవులు ముగియడానికి వారం ఉందనగా అసలు సంగతి బయటపడింది. పొద్దున్నే అమ్మ పెరుగు చిలుకుతోంది. పైటకొంగు ముక్కు మీదుగా తిప్పి తల వెనక ముడేసుకుంది. పొగ లేదు, దుమ్ము లేదు. నేను అత్త దగ్గరికి వెళ్లి, "అమ్మకు జలుబా?" అని అడిగాను.

అత్త రాగులు చెరుగుతున్న చేట కింద పెట్టింది. "కండ్లు ఇప్పుడు తెరిచినావా? నువ్వొచ్చిన రోజు నుంచి మీ యమ్మ మజ్జిగ ముట్టలేదు. సంగట్లోకి ఉత్త చింతపండు నీళ్లు పోసుకుంటాది. ఇద్దరు ముగ్గురు చూసి అడిగినారు, వ్రతం అని చెప్పింది."

మా అమ్మకు మజ్జిగ అంటే ఏమిటో చెప్పాలి. చేను పనికి పోయేటప్పుడు కుండెడు మజ్జిగ తప్ప వేరే ఏమీ తీసుకుపోయేది కాదు. మాంసం ఉన్నా లేకపోయినా ఆమెకు పట్టదు. చివర మజ్జిగ పోసుకుని తింటేనే తిన్నట్టు. నేను కడుపులో ఉన్నప్పుడు మజ్జిగ తప్ప ఏదీ ఇమడలేదని ఆమే ఎన్నోసార్లు చెప్పింది.

వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను. "అమ్మా, మజ్జిగ ఎందుకు మానేసినావు?"

కవ్వం తాడు ఆపలేదు. "ఏం లేదులే. లోపలికి పోవడం లేదు."

"నేను చెప్పినానని మానేసినావా?"

"నువ్వు ఒంటికి మంచిది కాదని చెప్తివి. చదివినోడివి. ఊరికే చెప్తావా?"

"నేను చెప్పింది అబద్ధం. పుస్తకంలో అట్ల లేదు. నాకు ఒద్దనిపించి ఆ మాట అనేసినాను. పాలు పాలే. నువ్వు తాగు."

ఆమె తాడు వదిలేసింది. కొంగు ముడి విప్పి నన్ను చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. చిన్నగా నవ్వి, "అబద్ధమా? సరే పో" అని, కుండలోంచి చిన్న గిన్నెతో మజ్జిగ ముంచి నా ఎదుటే నోటికెత్తింది. ఒక గుక్క లోపలికి పోయింది. రెండోది పోలేదు. గిన్నె కింద పెట్టి, చెయ్యి నోటికడ్డం పెట్టుకుని గబగబా పెరట్లోకి వెళ్లింది. ఆమె కక్కుతున్న చప్పుడు నాకు వినిపించింది.

తిరిగి వచ్చి మూతి తుడుచుకుంటూ, నాదే కష్టమన్నట్టు నన్ను సముదాయించింది. "నువ్వు బాధపడొద్దు. అబద్ధమని నాకు తెలిసింది. కాని చెంబు చూస్తే ఆ ఎర్రావు పొదుగే కనపడతాది. ఏం చేసేది? కొన్నాళ్లకు పోతాదిలే."

ఆ రోజు నేను అసహ్యించుకున్నది పాలనూ కాదు, మాంసాన్నీ కాదు. గోడకు ఆనుకుని కూర్చున్న నన్ను నేను చూసుకున్నాను. సున్నిపిండితో తోముకున్న శుభ్రమైన చేతులు, తేటపడిన మొహం, ఆరోగ్యమైన కడుపు. అలాంటి కడుపుతో కూర్చుని ఇంకొకరి నోటి దగ్గరి ముద్దలో ఉమ్మినవాణ్ణి. అత్త చెప్పిన కరువు కథ ఎవరి కోసమో అప్పుడు అర్థమైంది.

సెలవులు అయిపోయాయి. కాలేజీకి వెళ్లాక లెక్చరర్ నా బరువు, రంగు చూసి సంతోషపడ్డాడు. కొత్తగా చేరిన విద్యార్థుల ముందు నన్ను నిలబెట్టి ఆహారం గురించి మాట్లాడమన్నాడు. మాట్లాడాను. ఉలవలు ఎలా మొలకెత్తించాలో, రాగిలో ఎంత బలముందో, ఆకుకూరలు ఎంతసేపు ఉడకాలో చెప్పాను. అంతా నిజమే. ఒకతను లేచి, "ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా?" అని అడిగాడు. "ఒప్పుకున్నారు" అన్నాను. చప్పట్లు కొట్టారు. గదికి వచ్చాక అంబలి కాచుకున్నాను గాని గొంతు దిగలేదు. ఆ పూట మొక్కల తిండి కూడా నాకు రోతపుట్టించింది.

దసరా సెలవులకు వెళ్లేసరికి అమ్మలో మార్పేమీ లేదు. మజ్జిగ లేని సంగటికి ఆమె అలవాటు పడింది, అంతే. కాని పెరుగు చిలకడం తప్పదు. వెన్న కాచి నెయ్యి ధర్మపురి సంతకు పోవాలి. రోజూ పొద్దున్నే ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ కుండ ముందు కూర్చునేది. మూడో రోజు నేను వెళ్లి ఆమె చేతిలోని తాడు తీసుకున్నాను.

"నీకు పడదు కదరా" అంది.

"నీకూ పడదు కదా" అన్నాను.

పులిసిన పెరుగు వాసన నేరుగా మొహానికి కొట్టింది. రెండుసార్లు లేచి బయటికి వెళ్లాల్సి వచ్చింది. మూడోసారి వచ్చి కూర్చున్నాను. వెన్న తేలాక చేతులు మోచేతుల దాకా ముంచి తీయాలి. జిడ్డు గోళ్ల సందుల్లోకి ఎక్కింది. నేను ఉన్న పదిరోజులూ ఆ పని నేనే చేశాను. అమ్మ దూరంగా, గాలి అటునుంచి రాని చోట కూర్చుని, వెన్న ఎప్పుడు విరుగుతుందో, చన్నీళ్లు ఎప్పుడు పోయాలో చెబుతూ ఉండేది. ఆ తరవాత ప్రతి సెలవులకూ అంతే. ఆమె మాత్రం మళ్లీ మజ్జిగ తాగలేదు.